ఆలూరు రైతుకు ఎంతమంది కొడుకులు

ఆ క్యాంపస్ ఇంటర్వ్యూ గురించి ఇప్పటిదాకా అందరూ మాట్లాడారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మొయినాబాద్ అడ్డా మీద ఆటోవాళ్లు మాట్లాడారు. కాలేజీ బస్సు డ్రైవర్లు మాట్లాడారు. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న లెక్చరర్లు కూడా కళ్లతో చూసినట్టే చెప్పారు. నేను మూడు అర్జీలు రాసి ఇచ్చాను. ముట్టిందని ఒక ముద్ర వేసి ఇచ్చినవాళ్లు కూడా లేరు. నేను అడిగింది పెద్దదేమీ కాదు. నలభై ఎనిమిది మంది పిల్లల చేత మా బాపును తమ తండ్రి అని చెప్పించింది నేను కాదని ఒక కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఉద్యోగం తిరిగి ఇమ్మనలేదు. ఆ కాగితం ఇంతవరకు రాలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మాది ఆలూరు. చేవెళ్ల రోడ్డుకు రెండు వైపులా ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్న కాలం అది. పోయిన ఏడు జొన్న చేను ఉన్నచోట ఈ ఏడు గేటు, గేటు మీద ఆర్చి, ఆర్చి మీద బంగారు రంగు అక్షరాలు. మాదాపూర్ కంపెనీలు పిల్లల్ని బస్సులకు బస్సులు తీసుకుంటున్నాయని, ఇంగ్లీషు నాలుగు ముక్కలు తడబడకుండా మాట్లాడితే చాలు, మిగతాది కంపెనీయే నేర్పుతుందని అందరూ నమ్మారు. నేను ఇంగ్లీషు ముఖ్యంగా తీసుకుని బి.ఏ. చేశాను. మొయినాబాద్ దాటాక ఉన్న ఒక కాలేజీలో లాంగ్వేజ్ ల్యాబ్ పెట్టి నన్ను తీసుకున్నారు.

కాగితం మీద నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. పాఠం చెప్పాల్సిన మేడమ్ మెహిదీపట్నం నుంచి రావాలి. ఆమె వచ్చిన రోజు హెడ్‌ఫోన్లు తుడిచేవాడిని, రాని రోజు పాఠం చెప్పేవాడిని. వారంలో నాలుగు రోజులు పాఠమే చెప్పాను. స్టాఫ్ రూములో నాకు కుర్చీ లేదు. గ్రూప్ ఫోటో రోజు కుర్చీలు వరసగా వేయించింది నేను, ఎండ ఎటు పడుతుందో చూసి వరస మార్పించింది నేను. ఫోటోలో నేను లేను. ఆ ఫోటో ప్రిన్సిపాల్ గదిలో ఇంకా ఉందని విన్నాను.

పిల్లలు ఎక్కువగా చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు వాళ్లు. తెలుగు మీడియంలో చదివి ర్యాంకు తెచ్చుకుని వచ్చినవాళ్లు. లెక్కల్లో వాళ్లను ఆపేవాడు లేడు. ఇంగ్లీషులో మాత్రం మంచినీళ్లు అడగాలన్నా పక్కవాడి వైపు చూసేవారు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ టెన్స్ అనే పొడుగు పేరు అందరికీ వచ్చు. సూత్రం కూడా వచ్చు. ముందు కర్త, తర్వాత హ్యావ్ బీన్ గానీ హ్యాజ్ బీన్ గానీ, ఆ తర్వాత ఐ-ఎన్-జి తగిలించిన క్రియ. కానీ బస్సు గంట ఆలస్యమైన రోజు క్లాసులోకి వస్తూ మాత్రం ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ సెవెన్ అనే అనేవారు.

వాళ్లది తప్పు అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. మనం మాట్లాడేదే అట్లా. ఏడింటి సంది చూస్తున్న అంటాం. గడిచిన కాలమంతటినీ ఆ 'సంది' ఒక్కటే మోస్తుంది. చూస్తున్న అనే మాట ఇప్పుడున్నట్టే ఉంటుంది, దాని మీద ఏ బరువూ పడదు. ఇంగ్లీషు వాడు ఆ బరువును క్రియ మీద కూడా పెడతాడు. ఇది పుస్తకంలో లేదు, నేను ఆలోచించి చెప్పింది. బోర్డు మీద ఒక గీత గీసి, ఎడమ కొసకు పని మొదలైన చోట గుర్తు పెట్టేవాడిని. గీత 'ఇప్పుడు' అనే చోటు దాకా రావాలి, అక్కడ కూడా ఆగినట్టు కనిపించకూడదు అనేవాడిని. ఎంత కాలంగానో చెప్పాలంటే ఫర్, ఎప్పటి నుంచో చెప్పాలంటే సిన్స్.

ఒక పిల్లవాడు లేచి అడిగాడు.

"సార్, మా అన్న మూడేండ్ల సంది ఇంటర్ రాస్తనే ఉన్నడు. ఆయన గూడ హ్యాజ్ బీన్‌ల పడ్తడా?"

"ఇంకా రాస్తున్నడా, బంద్ పెట్టిండా?"

"రాస్తున్నడు సార్. ఈసారి గ్యారంటీ అంటున్నడు."

"అయితే పడ్తడు."

క్లాసంతా నవ్వింది. ఆ రోజు నేర్చుకున్నది వాళ్లు మరిచిపోలేదు.

బావి ఉదాహరణ కూడా నాదే. ఐ హ్యావ్ డగ్ ఎ వెల్ అంటే బావి ఉంది, పోయి చూడొచ్చు. ఐ హ్యావ్ బీన్ డిగ్గింగ్ అంటే ఒంటి మీద మట్టి ఉంది, చేతులు నొస్తున్నాయి. బావి అయిందో లేదో, నీళ్లు పడ్డాయో లేదో ఆ వాక్యం చెప్పదు. ఇంకొకటి. ఆయన నాకు పదేండ్ల సంది తెలుసు అనాలంటే హ్యావ్ బీన్ నోయింగ్ అనకూడదు. తవ్వడం లాగా తెలియడం చేసే పని కాదు, ఒకసారి తెలిస్తే తెలిసే ఉంటుంది, దానికి హ్యావ్ నోన్ చాలు. మెహిదీపట్నం మేడమ్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి ఈ పాఠం చివరిదాకా విన్నది. మరుసటి వారం బావి ఉదాహరణ ఆమె పక్క సెక్షన్‌లో చెప్పింది. ఎక్కడిదని పిల్లలు అడిగితే ఎక్కడో చదివానన్నదట.

మూడో సంవత్సరం పిల్లలకు సెల్ఫ్ ఇంట్రడక్షన్ నేర్పమన్నారు. అంటే కంపెనీ వాళ్ల ముందు నిలబడి నీ గురించి నువ్వు పది వాక్యాలు చెప్పుకోవడం. నేను బోర్డు మీద నా సంగతే రాశాను. కల్పించి రాయడం నాకు చేతకాదు. అందులో నాలుగో వాక్యం ఇది: మై ఫాదర్ హ్యాజ్ బీన్ గ్రోయింగ్ టొమాటోస్ ఇన్ ఆలూరు ఫర్ ట్వంటీ ఫైవ్ ఇయర్స్. మా బాపు నిజంగానే టమాట వేస్తాడు. అప్పటికి నిజంగానే ఇరవై ఐదేళ్లు. ఇది నాది, ఎవరిది వాళ్లు రాసుకుని తెండి, దిద్దుతాను అని చెప్పాను.

మా దిక్కు చదువులో ఒక పద్ధతి ఉంది, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బోర్డు మీద సార్ రాసింది తప్పు లేనిది. దాంట్లో ఒక మాట మార్చితే తప్పు నీది అవుతుంది. ఆరో తరగతిలో మేమందరం ఆవు మీద వ్యాసం రాశాం. మా ఇంట్లో ఆవు లేదు, బర్రె ఉంది. అయినా నా వ్యాసంలో ఆవు తెల్లగా ఉంది, దాని పేరు గౌరి. క్లాసులో అందరి ఆవు పేరూ గౌరే. ఒకడు తన ఆవు ఎర్రదని రాశాడు, వాడికి మార్కు తగ్గింది. ఇంజనీరింగ్‌కు వచ్చినా ఆ భయం పోదు. అందుకే నలభై ఎనిమిది పుస్తకాల్లో ముప్పై దాకా మా బాపుతోనే వచ్చాయి. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి మార్పించాను. ఒకడి తండ్రి లారీ తోలుతాడు, ఇంకొకడి తండ్రి చేవెళ్లలో బట్టల దుకాణం. మార్చినా కూడా వాళ్లకు నమ్మకం కలగలేదు. మల్ల ఒకసారి చూడండి సార్, కరెక్టేనా అని ఒకటికి రెండుసార్లు తెచ్చేవారు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. మొయినాబాద్ పక్కనే హిమాయత్‌నగర్, అక్కడి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"సార్, మా బాపు లేడు గదా. ఆ లైన్ల ఏం రాయాలె?"

"మీ అమ్మ ఏం చేస్తది?"

"కూలికి పోతది. తోటలల్ల కలుపు తీస్తది."

"ఎన్నేండ్ల సంది?"

"బాపు పోయిన సంది. ఎనిమిదేండ్లు."

"గదే రాయి."

ఆమె అక్కడే నిలబడి రాసింది. మై మదర్ హ్యాజ్ బీన్ వర్కింగ్ ఇన్ ద ఫీల్డ్స్ ఫర్ ఎయిట్ ఇయర్స్. మెల్లగా చదివింది, మళ్లీ కొంచెం పెద్దగా చదివింది. మంచిగున్నదా సార్ అని అడిగితే మంచిగున్నది అన్నాను. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను.

అదే ఏడు కాలేజీకి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అని కొత్త మనిషి వచ్చాడు. ఊరు వేరు, మాట వేరు, రోజూ టై కట్టేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. మొదటి రోజు నుంచి నన్ను ఏమయ్యా అనే పిలిచాడు. వానలు వెనక్కి పట్టాక ఒక పెద్ద కంపెనీ మా కాలేజీకి మొదటిసారి వస్తుందని తెలిసింది. అతను పిల్లల పుస్తకాలు తెప్పించుకుని, అందులో చేతిరాత అందంగా ఉన్నది ఒకటి ఏరాడు. అది నేను బోర్డు మీద రాసిన పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు దింపుకున్న పేజీ. దాన్నే జిరాక్స్ తీయించాడు. క్రాస్ రోడ్డు దగ్గర జిరాక్స్ దుకాణంలో ఆ కట్ట నా కంటబడింది. పైకాగితం మీదే మా ఊరి పేరు ఉంది.

అతని గదికి వెళ్లాను. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఒకదాని మీద అతని హెల్మెట్ ఉంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"సార్, అది నేను బోర్డు మీద ఉదాహరణకు రాసింది. దాంట్ల ఉన్నది మా బాపు. పిల్లలు ఎవరిది వాళ్లు రాసుకున్నరు, నేను దిద్దిన. గవి చెప్పించండి."

"ఎవరి నాన్నైతే ఏంటయ్యా? వాళ్లు ఊళ్లోకెళ్లి చూసొస్తారా? నలభై ఎనిమిది మందివి నలభై ఎనిమిది రకాలు నేనెక్కడ చెక్ చేస్తాను? గ్రామర్ కరెక్టే కదా?"

"కరెక్టే."

"మరింకేం. వెళ్లి సెమినార్ హాల్లో మైకులు చూడు."

కరెక్టే అన్నాను. ఆ మాట అన్నది నేనే. నా అర్జీలో కూడా దాచకుండా రాశాను.

నాలుగు రోజులు సెమినార్ హాలులో పిల్లల చేత అప్పజెప్పించారు. నాకు లోపల పని లేదు. మైకు వైరు ఒకటి తెగితే వరండాలో కూర్చుని అతికిస్తున్నాను. లోపలి నుంచి నలభై ఎనిమిది గొంతులు ఒకేసారి మా బాపు ఇరవై ఐదేళ్లుగా టమాట పండిస్తున్నాడని చెప్పాయి. ఆగి మళ్లీ చెప్పాయి. ఒక పిల్లవాడు వెనకబడితే అందరి చేత మొదటి నుంచి చెప్పించారు. నాకు ఏమనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు. చెవుల్లో పడింది, వైరు అతికింది, టేపు చుట్టాను. లోపలికి పోయి ఆపాల్సింది అని తర్వాత చాలామంది అన్నారు. అన్నవాళ్లలో ఆ రోజు హాలు ముందు నుంచే నడిచిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

ఇంటర్వ్యూ రోజు కంపెనీ నుంచి నలుగురు వచ్చారు. నాకు తలుపు దగ్గర పేర్లు పిలిచే పని ఇచ్చారు. ఆరో పిల్లవాడు వెళ్లినప్పుడు లోపల చప్పుడు లేదు. ఎనిమిదో పిల్లవాడు వెళ్లాక నవ్వు వినిపించింది. కొంతసేపటికి వాళ్లలో ఒకాయన, కళ్లద్దాల మనిషి, మంచినీళ్లకు బయటికి వచ్చాడు. నేను గ్లాసులో పోసి ఇచ్చాను. తాగుతూ నవ్వుతూ అడిగాడు.

"ఈ ఆలూరు రైతుకు ఎంతమంది కొడుకులండీ?"

"ఒక్కడే సార్."

నేను కూడా తమాషా చేశాననుకుని ఇంకా నవ్వాడు. గ్లాసు నా చేతికి ఇచ్చి లోపలికి పోయాడు.

హిమాయత్‌నగర్ అమ్మాయిది పదకొండో పేరు. లోపల చాలాసేపు ఉన్నది. బయటికి వచ్చి ఫైలు ఛాతీకి పట్టుకుని నా ముందు నుంచి పోయింది. ఏమైందమ్మా అన్నాను. నా వైపు చూడలేదు. కాలే సార్ అని నేల వైపు చెప్పి గేటు దిక్కు నడిచింది. ఏం జరిగిందో తర్వాత వెళ్లిన పిల్లవాడు చెప్పాడు. వాడు లోపలి తలుపు దగ్గర కుర్చీలో తన వంతు కోసం కూర్చుని అంతా విన్నాడు. ఆమె దరఖాస్తులో తండ్రి పేరు ముందు లేట్ అని ఉంది. మీ నాన్నగారు లేరని ఇక్కడ రాశారు, మరి ఈ టమాటలు ఎవరు పండిస్తున్నారు అని వాళ్లలో ఉన్న ఒక మేడమ్ మామూలుగానే అడిగిందట. అమ్మాయి ఆగిపోయింది. మధ్యలో తప్పితే మొదటి నుంచి ఎత్తుకోవాలని హాలులో నేర్పారు కదా. ఆమె మళ్లీ గుడ్ మార్నింగ్ నుంచి మొదలుపెట్టి, నాలుగో వాక్యం దాకా వచ్చి, అది కూడా చెప్పింది.

పన్నెండో పేరు తర్వాత ఇంకెవర్నీ పిలవొద్దన్నారు. మధ్యాహ్నం భోజనం కాకముందే వాళ్ల కారు వెళ్లిపోయింది. వాళ్ల కోసం తెప్పించిన బిర్యానీ స్టాఫ్ తిన్నారు. నన్ను పిలవలేదు. పిల్లలకు అబద్ధపు వివరాలు నేర్పి పంపారని, ఇకముందు ఈ కాలేజీకి రాబోమని వారం తిరగకముందే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏడు ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

చైర్మన్ గదిలో మీటింగ్ పెట్టి నన్ను పిలిచారు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ జిరాక్స్ కాగితం బల్ల మీద పెట్టాడు. చైర్మన్ కాగితం మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈ ఆలూరు ఎవరిది?"

"నాది సార్."

"ఈ ఫాదర్ ఎవరు?"

"మా బాపు."

"ఇంకేం మాట్లాడాలె?"

ఉదాహరణకు రాసిన సార్ అన్నాను. ఉదాహరణ నలభై ఎనిమిది మంది నోళ్లల్లకు ఎట్ల పోయింది అన్నాడు. నేను ప్లేస్‌మెంట్ ఆఫీసర్ వైపు చూశాను. పోనిచ్చిన మనిషి చెప్తాడు కదా అని ఆగాను. అతను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. అతను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ల్యాబ్ తాళాలు అక్కడే బల్ల మీద పెట్టి పొమ్మన్నారు.

ఇంటికి వెళ్లేసరికి బాపు చేనులో కాయ తెంపుతున్నాడు. గట్టు మీద నిలబడి చెప్పాను. ఆయన తెంపడం ఆపకుండా విన్నాడు.

"నలభై ఎనిమిది మందా?"

"అవు."

"గంతమంది కొడుకులుంటె ఒక్కడన్న కాయ తెంప రాకపాయె."

ఇంకో రెండు బోదెలు నడిచాక మళ్లీ అడిగాడు.

"నువ్వు చెప్పమన్నవారా గట్ల?"

"లేదు బాపు."

"మరి చెప్పించిందెవలో చెప్పినవా?"

"వాళ్లు అడగలే."

"అడగకుంటే చెప్పొద్దా?"

మొదటి అర్జీ ఆ వారమే రాశాను.

అర్జీ తీసుకున్న క్లర్కు మర్యాదస్తుడే. చూస్తున్నరు సార్ అన్నాడు. రెండోసారి కూడా చూస్తున్నరు అన్నాడు. మూడోసారి వెళ్తే లోపలికి పోనివ్వలేదు, గేటు దగ్గర వాచ్‌మన్ తీసుకున్నాడు. వేరే కాలేజీల్లో అడిగాను. మొయినాబాద్ రోడ్డు మీద ఎన్ని కాలేజీలున్నా అందరి స్టాఫూ అవే బస్సుల్లో వస్తారు, అవే హోటళ్లలో చాయ్ తాగుతారు. నేను వెళ్లకముందే ముచ్చట వెళ్లి ఉండేది. ఆలూరు సార్‌వా నువ్వు అని అడిగి, ఫోన్ చేస్తామని చెప్పి పంపేవారు. అడ్డా మీద ఒక ఆటో ఆయన నన్ను చూసిన ప్రతిసారి ఏం సార్, తమ్ముళ్లంత మంచిగున్నరా అనేవాడు. ఏళ్ల తరబడి అన్నాడు. అతని ఆటో ఎక్కడం మానేశాను, ఇప్పటికీ ఎక్కను. చివరికి చేవెళ్లలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఆయన దగ్గర చేరాను. భూములు చేతులు మారుతున్న కాలం, రాసే పనికి కొదవ లేదు. ఎవరు రాయించినా వాళ్ల తండ్రి పేరు రెండుసార్లు అడిగి, వాళ్లకు చూపించి, ఆ తర్వాతే రాస్తాను.

అక్కడికే ఒకరోజు ఆ అమ్మాయి వచ్చింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మెడలో కంపెనీ కార్డు తాడు ఉంది. వాళ్ల అమ్మ పేరు మీద హిమాయత్‌నగర్‌లో ఇంటి జాగా రాయించడానికి వచ్చింది. కాలేజీ అయ్యాక రెండేళ్లు ఒక దుకాణంలో పనిచేసి, ఒక కోర్సు చేసి, తర్వాత మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిందట. అమ్మ ఇప్పుడు కూలికి పోవడం లేదని చెప్పింది. కాగితాలు నేనే రాశాను. రాయడం అయిపోయాక ఆమె లేవలేదు.

"సార్, ఒకటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగమ్మా."

"మీకు ఎర్కనే గదా మా బాపు లేడని. నాకు మీరే వేరే రాయించి టిక్కు పెట్టిండ్రు. మల్ల నన్ను గట్ల ఎందుకు చెప్పమన్నరు?"

"నేను చెప్పమనలే."

"హాల్ల మొదటి రోజే ప్లేస్‌మెంట్ సార్ చెప్పిండు సార్. మీ ల్యాబ్ సార్ ఒక్క అక్షరం గూడ మార్చొద్దన్నడు అని. నేను లేచి నిలబడ్డ. మా సార్ నాకు మా అమ్మ గురించి రాయమన్నడు అన్న. ఆయన సరే, అడిగొస్తా అని బయటికి మీ దగ్గరికి వచ్చిండు. మీరు వరండాల కూసున్నది మాకు కిటికీలకెల్లి కనవడ్డది. ఆయన మీతోని మాట్లాడిండు, మీరు తల ఊపిండ్రు. లోపలికి వచ్చి, అడిగాను, అవసరం లేదంటున్నాడు, ఉన్నదే చెప్పమంటున్నాడు అన్నడు."

ఆ రోజు నాకు గుర్తుంది. అతను బయటికి వచ్చి నా పక్కన నిలబడి మైకు అయిందా అని అడిగాడు. అయింది సార్ అని తల ఊపాను. లోపలికి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడింది అంతే. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె విన్నది. అవునా సార్ అన్నది. నమ్మిందో లేదో ముఖం చూసి చెప్పలేను. ఇన్నేళ్లూ నన్ను తిట్టింది ఆటోవాళ్లు, లెక్చరర్లు మాత్రమే అనుకున్నాను. తండ్రి లేని పిల్లకు తండ్రి ఉన్నాడని చెప్పమన్న మనిషిని అయ్యి ఆ నలభై ఎనిమిది మంది బుర్రల్లో బతుకుతున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. తెలిశాక కూడా కలం మూత పెట్టి, కాగితాలకు గుండుసూది గుచ్చాను.

ఈ చెప్పిందే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడిగాను. హాలులో ఆయన ఏమన్నాడో అంతే, ఒక్క ముక్క ఎక్కువ వద్దన్నాను.

"ఇప్పుడెందుకు సార్ అది? అయిపోయిన ముచ్చట. నేనేం మనసుల పెట్టుకోలే."

లోపల వాళ్ల అమ్మ పేరు పిలిచారు. ఆమె లేచింది. ఫోన్ నంబరు తీసుకుని, చేస్తానని చెప్పింది. ఆ నంబరు నేను ఇంతవరకు మార్చలేదు.

చైర్మన్ నాకు జవాబు ఇస్తాడని ఇక అనుకోను. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అదే రోడ్డు మీద ఇంకో కాలేజీకి డైరెక్టర్ అయ్యాడు, అతను చెప్పడు. ఇప్పుడు నేను అడిగేది ఆ హాలులో కూర్చున్న పిల్లలను. మీలో కొందరు మాదాపూర్‌లో ఉన్నారు, కొందరు బెంగుళూరులో, కొందరు చేవెళ్లలోనే దుకాణాలు నడుపుతున్నారు. ఒక అమ్మాయి లేచి అడగడం మీరు చూశారు. ఆయన బయటికి వెళ్లి రావడం చూశారు. లోపలికి వచ్చాక నా పేరు చెప్పి ఏమన్నాడో మీ అందరి చెవినా పడింది. ఆయన ఆ మాట అన్నాడా, అనలేదా? నేను హాలులో మీ ముందు నిలబడి ఒక్కసారైనా నోరు విప్పానా? నాకు మూడు మాటలు చాలు, పోస్టుకార్డు చాలు. ఆమె ఒక్కతే కాదు, మీరు నలభై ఎనిమిది మంది ఉన్నారు. ఎవరైనా ఒకరు జవాబు చెప్పండి.